పదకొండో ముక్క

ఆ రోజుల్లో అమీర్‌పేటలో ఉంటూ సాఫ్ట్‌వేర్ నేర్చుకోవడం లేదని చెప్పాలంటే కొంచెం ధైర్యం కావాల్సి వచ్చేది. మా లేడీస్ హాస్టల్ నాలుగంతస్తుల్లోనూ జావా, డాట్‌నెట్, టెస్టింగ్ తప్ప మరో మాట వినపడేది కాదు. మెట్లు దిగి సందు మలుపు తిరిగేలోపే చేతిలో నాలుగైదు కోచింగ్ కరపత్రాలు పడేవి. వాటి వెనకవైపు తెల్లగా ఉండేది కాబట్టి నేను పారేసేదాన్ని కాదు. వాటి మీద మందు మోతాదుల లెక్కలు వేసుకుంటూ పంజాగుట్ట దాకా నడిచి, అక్కడ ఒక పాత మేడలో ఉన్న ల్యాబులో రోజంతా కణుతులు పెంచేదాన్ని.

నా గదిలో ఉండే అమ్మాయిది కరీంనగర్ వైపు. టెస్టింగ్ కోర్సులో చేరి రెండు నెలలైంది. లోకంలో అందరూ రోగం తగ్గించే చదువులు చదువుతుంటే నువ్వొక్కదానివే రోగం పెంచే చదువు చదువుతున్నావని నన్ను ఆటపట్టించేది. నాకసలే ముక్కు మీద కోపం. అయినా ఆ మాటకి మాత్రం నవ్వొచ్చేది, ఎందుకంటే నేను చేసే పని అచ్చంగా అదే.

పేగు క్యాన్సర్ కణాలను గుండ్రటి అడుగున్న చిన్న గుంటల్లో వేసి ఆహారం పోస్తే అవి ఒకదాన్నొకటి పట్టుకుని బంతిలా పెరుగుతాయి. రెండు వారాలకు గసగసాల గింజకంటే కొంచెం చిన్నగా తయారవుతాయి. పైనున్న కణాలకు గాలీ తిండీ అందుతాయి. లోపలివి అర్ధాకలితో ఉంటాయి. నట్టనడుమ ఉన్నవి చచ్చిపోతాయి. మనిషి ఒంట్లో కణితి కూడా ఇలాగే ఉంటుంది కనుక, ముందు ఈ బుల్లి గడ్డ మీద మందు ప్రయోగించి చూస్తాం. తర్వాత దాన్ని జెలటిన్‌లో పెట్టి గడ్డకట్టించి, పలచగా ముక్కలు కోసి గాజు పలక మీద పరుస్తాం. ఒక యంత్రం ఆ ముక్క మీద చుక్క చుక్కకీ లేజర్ కొట్టి, పైకి లేచిన అణువులను తూచి, ఏ అణువు ఎక్కడుందో రంగుల్లో పటం గీసి ఇస్తుంది. కణం ఎక్కడ తింటోంది, ఎక్కడ ఆకలితో ఉంది, మందు ఎంత లోపలికి దిగింది, అన్నీ ఆ పటంలో కనపడతాయి.

ల్యాబు నడిపే మా సార్‌ది కోస్తా. మాట మెత్తగా ఉండేది, నోటుబుక్కు దగ్గర మాత్రం ఎవర్నీ క్షమించేవారు కాదు. నాకు ముందు పనిచేసినతను ఒక అంకె దిద్దాడని తెలిసిన రోజు సాయంత్రానికి అతని బల్ల ఖాళీ అయింది. నేను కూర్చునేది ఆ బల్ల దగ్గరే. నా కాంట్రాక్టు మార్చితో అయిపోతుంది. నిధులిచ్చే కమిటీ ముందు సార్ బేగంపేటలో ఒక హోటల్లో మా పని చూపించాలి. వాళ్లు సరేనంటే నా పీహెచ్‌డీ పూర్తవుతుంది. కాదంటే నేను కూడా కరపత్రాన్ని ముందువైపు చదవాలి.

ఆ సమావేశానికి సరిగ్గా వారం ముందు, గురువారం నాడు, గడ్డను కోశాను. కోసే యంత్రమంటే ఒక చలిపెట్టె, అందులో ఒక కత్తి. పెట్టె ముందు చిన్న ఎర్ర అంకెల కౌంటర్ ఉంటుంది, ఒక్కో ముక్కకి ఒక్కో అంకె పెరుగుతుంది. మొదట్లో వచ్చేవన్నీ ఉత్త జెలటిన్ ముక్కలే. గడ్డ తల తెల్లటి చుక్కలా కనపడగానే కౌంటర్‌ని సున్నా చేసి అక్కణ్నుంచి లెక్క మొదలుపెట్టాలి. మా గడ్డకు దాదాపు యాభై ముక్కలొస్తాయి. మొదటి ఇరవై మూడూ బ్రష్‌తో తోసేసి, ఇరవై నాలుగో ముక్క నుంచి పలక మీదకు ఎత్తాలి. అప్పుడే గడ్డ సరిగ్గా మధ్యలో తెగినట్టు.

పక్కన మా అటెండర్ నిలబడేవాడు. నాకంటే పాతికేళ్లు పెద్ద, ఎర్రగడ్డ నుంచి సైకిల్ మీద వచ్చేవాడు. చలిపెట్టె తుడవడం, జనరేటర్ నడపడం, కరెంటు పోయిన టైమూ వచ్చిన టైమూ రిజిస్టర్‌లో రాయడం ఆయన పని. ఆ రిజిస్టర్ తెలుగులోనే రాసేవాడు, ఇంగ్లీషు అక్షరాలు ఆయనకు రావు. నేను చుక్క చూసి "వచ్చింది" అనేదాన్ని. అన్నప్పట్నుంచి ఆయన తలుపు వెనకాల సుద్దముక్కతో ముక్కకో గీత గీసేవాడు, అయిదింటికో కట్ట. ఎవరూ అడగలేదు, ఆయనకదో అలవాటు. పెద్దవాళ్లు వచ్చిపోయే చోట తలుపు ఖరాబు చేయొద్దని ఒకసారి నేను కసిరాను. తర్వాత తలుపు మీద గీతలు కనపడలేదు.

ఆ గురువారం కరెంటు పోయింది. మోటారు ఆగింది, కౌంటర్‌లో ఎర్ర అంకెలు ఆరిపోయాయి. జనరేటర్ లేచి పెట్టె మళ్లీ చల్లబడేసరికి గంట దాటింది. కౌంటర్ సున్నా చూపిస్తోంది. నేను ఆఖరుసారి చూసిన అంకె ఇరవై మూడు, అది నాకు బాగా గుర్తుంది. ఆయన మాత్రం మెల్లగా అన్నాడు.

"పదే అయినయి మేడమ్. మీరు వచ్చింది అన్నంక పదే కోసిన్రు."

సార్ అప్పటికే రెండుసార్లు ఫోన్ చేశారు. నా చేతులు చలికి మొద్దుబారి ఉన్నాయి. ఎప్పుడూ ఆయన్ని మీరు అనే నేను ఆ పూట నువ్వులోకి దిగాను.

"నీకేం తెలుసు? ముందా జనరేటర్ సంగతి చూసుకో."

ఆయన జనరేటర్ వైపు వెళ్లాడు. నేను ఇరవై నాలుగు అని రాసి మొదటి ముక్క ఎత్తాను. ఎందుకైనా మంచిదని నలభై దాకా కోసి, అన్నీ పలకల మీద పరిచి, నంబర్లు రాసి, ఫ్రీజర్‌లో దాచాను.

లేజర్ యంత్రం మాది కాదు, ఊరికి అవతలివైపు ఇంకో సంస్థది. శుక్రవారం అక్కడికి తీసుకెళితే పటం వచ్చింది. చూసి నాకే ఒళ్లు పులకరించింది. అంచు నుంచి నడుమ దాకా మందు నిండుగా పరుచుకుని ఉంది. చచ్చిన నడిభాగానికి కూడా మందు చేరుతుందని అప్పటిదాకా ఎవరూ చూపించలేదు. శనివారం సార్ ఆ బొమ్మను రంగుల్లో ప్రింటు తీయించి, అందరికీ చూపించి, మిఠాయి తెప్పించారు. నాకో ప్రింటు ఇచ్చి, ఇంటికి పంపించమ్మా, మీ వాళ్లు చూసి సంతోషిస్తారు అన్నారు. అటెండర్ కూడా ఒక ముక్క నోట్లో వేసుకుని, పళ్లెం అందరికీ తిప్పాడు.

ఆదివారం మా హాస్టల్లో గుడ్డు కూర. మా హాస్టల్ ఆంటీ పొదుపు మనిషి, ఒక్కో గుడ్డును మూడు ముక్కలు చేసి వడ్డించేది. నా రూమ్మేట్‌కి కొసముక్క వచ్చింది. అంతా తెల్లసొనే, పచ్చసొన నలుసంత కూడా లేదు. నాకే ఎందుకిట్ల వస్తదని ఆమె గొణుగుతోంది. నేను ఆ ముక్క వైపు చూస్తూ ఉండిపోయాను. గుడ్డును కొస దగ్గర కోస్తే లోపల పచ్చసొన ఉన్నట్టే తెలీదు. గడ్డను కొస దగ్గర కోస్తే?

చెయ్యి కడుక్కుని గదికి పరిగెత్తి ప్రింటు తీశాను. మందు బొమ్మ పక్కనే చిన్నగా ఇంకో బొమ్మ ఉంది, బతికున్న కణంలో మాత్రమే ఉండే శక్తి అణువుది. సంబరంలో దాన్ని ఎవరూ సరిగ్గా చూడలేదు. నిజంగా అది మధ్యముక్క అయితే ఆ అణువు ఉంగరంలా అంచుల్లో వెలిగి, నడుమ నల్లగా ఉండాలి. నా బొమ్మలో నడుమ కూడా వెలుగుతోంది. చచ్చిపోవాల్సిన చోట కణాలు హాయిగా బతికున్నాయి.

సోమవారం పొద్దున్నే కొలిచాను. ఆరువందల మైక్రాన్ల వెడల్పు ఉండాల్సిన ముక్క అయిదువందలే ఉంది. గడ్డకట్టేటప్పుడు కుంచించుకుపోయిందేమో అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. అలా కుంచించుకుపోవడం నేనెప్పుడూ చూడలేదని కూడా నాకు తెలుసు. ఇంతలో సార్ తలుపు దగ్గర నిలబడి, బొమ్మ కింద రాయాలమ్మా, ముక్క నంబరెంత అని అడిగారు. నేను ఇరవై నాలుగు సార్ అన్నాను. గొంతు మామూలుగానే వచ్చింది, దానికి నాకే ఆశ్చర్యమేసింది. అప్పటిదాకా అది పొరపాటు. ఆ క్షణం నుంచి అబద్ధం.

ఆ రోజంతా కాలు గాలిన పిల్లిలా తిరిగాను. ఖాళీ అయిన ఆ బల్ల మాటిమాటికీ గుర్తొచ్చింది, నా మోచేతులు దాని మీదే ఉన్నా. చెబితే పంపించేస్తారు. చెప్పకపోతే సార్ పదిమంది పెద్దల ముందు తప్పుడు బొమ్మ చూపిస్తారు, రేపు ఇంకెవరో దాన్ని నమ్మి ఆ మందు మీద ఏళ్ల తరబడి పనిచేస్తారు. ఎవరైనా శక్తి అణువు బొమ్మ చూసి అడిగితే ఆయన పరువు పోతుంది. ఎవరూ అడగకపోతే ఇంకా ఘోరం.

సాయంత్రం గదిలో నా రూమ్మేట్ ఇంటర్వ్యూ కోసం పాఠం వల్లెవేస్తోంది. తప్పు ఏంటి, ఎక్కడుంది, ఎంత పెద్దది, ఎవరు పట్టుకున్నారు, ఇవన్నీ రాస్తేనే అది రిపోర్టు అవుతుందట. ఆమెకు నా గొడవ చెప్పాను. గుడ్డు ముక్క దగ్గర్నుంచి కౌంటర్ దాకా. ఆమె కాగితం పక్కన పెట్టి, గంటసేపు ఒక్క అంకెను పట్టుకుని ఎందుకేడుస్తున్నావని, ఆ రోజు గదిలో ఇంకెవరూ లేరా అని అడిగింది. ఉన్నాడు అని నోరు తెరిచాను. అప్పటిదాకా ఆయన నాకు గుర్తే రాలేదు. గుర్తు రానివ్వలేదేమో కూడా.

మంగళవారం అందరికంటే ముందు వెళ్లాను. ఆయన చలిపెట్టె తుడుస్తున్నాడు. అన్నా, ఆ రోజు మీరు పది అన్నారు కదా, ఎలా చెప్పారు అని అడిగాను. నీళ్లు నములుతూ అడిగాను. ఆయన గుడ్డ పక్కన పెట్టి, జనరేటర్ రిజిస్టర్ తెచ్చి, గురువారం పేజీ తీసి నా ముందు పెట్టాడు. కరెంటు పోయిన టైము పక్కన పెన్సిల్‌తో గీసిన గీతలున్నాయి. రెండు కట్టలు. పది.

"తలుపు మీద వద్దన్నరు గద మేడమ్, గందుకే దీంట్ల గీస్తున్న. ఆ రోజు చుక్క వచ్చినంక మీరు కౌంటర్ సున్న జేయలే. మల్ల చెప్తే కోపం చేస్తరని ఊకున్న."

ఇరవై మూడులో పదమూడు ఉత్త జెలటిన్ ముక్కలు. నేను ఇరవై నాలుగని రాసింది పదకొండో ముక్క. కొసముక్క. తల కొట్టేసినట్టయింది. ఆయన ముఖంలో మాత్రం నన్ను దెప్పే ఛాయ ఎక్కడా లేదు. ఫ్రీజర్‌లో ముప్పై ఏడు అని రాసి ఉన్నదే అసలు ఇరవై నాలుగు కావాలి గద మేడమ్ అని తనే లెక్క చెప్పాడు.

లేజర్ యంత్రం దగ్గరి ఆపరేటర్‌ని బతిమాలితే బుధవారం తను భోజనానికి వెళ్లే గంట ఇస్తానన్నాడు. పలకను సిద్ధం చేసి, థర్మోకోల్ పెట్టెలో డ్రై ఐస్ వేసి, నేనూ అటెండరూ ఆటో ఎక్కాం. పెట్టె ఆయన ఒళ్లో ఉంది. బేగంపేట దగ్గర ట్రాఫిక్ కదల్లేదు. నేను మూత తీసి తీసి చూస్తుంటే, మూత తీస్తేనే కరుగుతది మేడమ్, జర ఆగుండ్రి అన్నాడు. నాకు ఆయనతో ఏదో ఒకటి మాట్లాడాలనిపించింది. ఆ రోజు నువ్వు అన్నందుకు ఏమీ అనుకోవద్దని చెప్పాలనిపించింది. దాని బదులు ఎర్రగడ్డలో కూరగాయలు చవకేనా అని అడిగాను.

బొమ్మ ఒక్కో వరసే తెర మీదకు దిగింది. అంచు వెలిగింది. తర్వాత వెలుగు సన్నగిల్లింది. నడుమ నల్లగా, గుండ్రంగా, మందు చుక్క కూడా లేకుండా ఖాళీగా ఉంది. శక్తి అణువు బొమ్మ కూడా అంతే. ఇదీ అసలు గడ్డ. మందు లోపలికి చేరడం లేదు. నాకు ఏడుపూ ఊరటా రెండూ ఒకేసారి వచ్చాయి. ఆయన నా వెనక నిలబడి చూసి, నడిమిట్ల ఏం లేదు గద మేడమ్ అన్నాడు. లేదన్నా అన్నాను.

సాయంత్రం సార్ గదిలోకి వెళ్లాను. సంచిలో రెండో బొమ్మ, జనరేటర్ రిజిస్టర్ ఉన్నాయి. రిజిస్టర్ సార్‌కి చూపించమని అటెండరే నా చేతికిచ్చాడు. బొమ్మ బల్ల మీద పెట్టి, ఇది మధ్యముక్క సార్, ముందు చూపించింది కొసది, నేను కౌంటర్ సున్నా చేయడం మర్చిపోయాను, సోమవారం మీరడిగినప్పుడు నాకు అనుమానం ఉంది, అయినా ఇరవై నాలుగన్నాను అని గుక్క తిప్పుకోకుండా చెప్పేశాను. సార్ కళ్లజోడు తీసి చాలాసేపు తుడుచుకున్నారు. నేను నా బల్ల గురించి, మార్చి నెల గురించి ఆలోచిస్తూ నిలబడ్డాను.

"ఎలా పట్టుకున్నావమ్మా?"

ఆయన గొంతులో కోపం లేదు. అదే నన్ను చెడగొట్టింది. రిజిస్టర్ తీస్తే పది గీతలు కనపడతాయి. గీతలు కనపడితే, అటెండర్ నీకు ఆ రోజే చెప్పాడా అని అడుగుతారు. చెప్పాడు సార్, నీకేం తెలుసని కసిరాను అని అనాలి. మర్చిపోయానని చెప్పడానికి ధైర్యం చిక్కబట్టుకున్నాను గానీ, చెప్పినా వినలేదని చెప్పడానికి అది చాల్లేదు.

"అనుమానం వచ్చి నేనే మళ్లీ లెక్క చూసుకున్నాను, సార్."

సంచిలోంచి చెయ్యి బయటకు తీశాను. ఖాళీ చెయ్యి.

గురువారం సార్ కమిటీకి నల్లటి నడుమ ఉన్న బొమ్మే చూపించారు. మందు ఎక్కడ ఆగిపోతోందో ఇంత స్పష్టంగా చూడటం వాళ్లకు నచ్చిందట, ప్రాజెక్టు నిలబడింది. శుక్రవారం టీ టైములో అందరినీ పిలిచి, తన తప్పు తనే పట్టుకుని, తనే వచ్చి చెప్పే పిల్లలు ఎంతమంది ఉంటారని నన్ను మెచ్చుకున్నారు. అటెండర్ టీ గ్లాసులు అందిస్తున్నాడు. నా దగ్గరకొచ్చి గ్లాసు ఇచ్చి, మంచిగైంది మేడమ్, మీ నౌకరి నిలవడ్డది అన్నాడు. ఆ టీ నేను తాగలేకపోయాను.

గదికి వెళ్లి నా రూమ్మేట్‌కి జరిగింది చెప్పాను. ఆమె సంతోషించింది. తర్వాత ఒకే మాట అడిగింది.

"మరి అన్న పేరు చెప్పినవా?"

నేను ఆమె మీద విరుచుకుపడ్డాను. మీ కోచింగ్ పాఠాలు నా దగ్గర చెప్పొద్దన్నాను. ఆమె నొచ్చుకుని రెండు రోజులు మాట్లాడలేదు.

తర్వాతి వారం మళ్లీ గడ్డ కోశాను. చుక్క కనపడింది. వచ్చింది అని కౌంటర్ సున్నా చేశాను. ఆయన రిజిస్టర్, పెన్సిల్ పట్టుకుని నిలబడి ఉన్నాడు.

"గీతలు గియ్యాల్నా మేడమ్, వద్దా?"

గీయండి అన్నాను. తల ఎత్తి చూడలేదు.

మూడేళ్లకు థీసిస్ పూర్తయింది. మొదటి పేజీల్లో సార్‌కి, కమిటీకి, ఆపరేటర్‌కి, నా రూమ్మేట్‌కి కూడా కృతజ్ఞతలు చెప్పుకున్నాను. అటెండర్ పేరు రాయాలని మూడుసార్లు కూర్చున్నాను. రాస్తే, ఎందుకని సార్ అడుగుతారేమోనని మూడుసార్లూ లేచాను. అట్ట వేసిన పుస్తకం చేతికొచ్చిన రోజు ఆయన చేతులు తుడుచుకుని వచ్చి, జాగ్రత్తగా పేజీలు తిప్పి చూశాడు. పనిలో సాయపడినవాళ్ల పేర్లన్నీ ఇందులో రాస్తారని ఎవరో చెప్పారట. సగం తమాషాగా, సగం నిజంగా అడిగాడు.

"నా పేరు సుత ఉన్నదా మేడమ్?"

నేను పేజీ తిప్పి ఒక లైను మీద వేలు పెట్టాను. ఆయన వంగి, ఆ ఇంగ్లీషు అక్షరాలను కాసేపు చూసి, మంచిగుంది మేడమ్ అని మెల్లగా ఆ లైనును తడిమాడు.

ఆ లైనులో ఉన్నది ఆపరేటర్ పేరు.